జాలీ లోపలి గునుగు

అడవిలో గునుగు పూలు ఎందుకు పోయాయో నాకు తెలుసు. తెలిసిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. మా అక్కను అందరి ముందూ నిలబెట్టి, అడవిని పాడు చేసింది మీరేనని అన్నప్పుడు నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. చేతిలో సమోసా ఉంది. ఆమె నా వైపు తిరిగి అడిగింది కూడా. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పటికీ మౌలాలిలోనైనా నేరేడ్‌మెట్‌లోనైనా ఆ ప్రస్తావన వస్తే జనం ఒకటే చెప్పుకుంటారు. బతుకమ్మ కోసం ఆడవాళ్లు బస్తాలకు బస్తాలు తెంపుకుపోయారట, అందుకే పూలు లేకుండా పోయాయట. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్లు మండుతుంది. అది పచ్చి అబద్ధం. ఆ మొక్కలను మొలకలోనే తినేసినవి జింకలు. జింకలను అడవి మోయలేనన్ని చేసినవాళ్లం మేము, రోజూ పొద్దున నడకకు వెళ్లే పెద్దమనుషులం. ఆ పెద్దమనుషుల్లో ముందు నడిచినవాణ్ని నేను.

నేరేడ్‌మెట్‌కూ మౌలాలికీ మధ్య ప్రహరీ కట్టిన అడవి ఒకటి ఉంది. ఒక సంస్థ స్థలం అది. దాని పేరు రాయను. రాస్తే తప్పంతా వాళ్ల మీదికి నెట్టి నేను పక్కకు జరిగినట్టవుతుంది. గుండ్రాళ్ల గుట్ట, దాని వాలు, వాలు కింద పల్లం. వేప, మోదుగ, రేల, సీతాఫలం, తంగేడు. నా చిన్నతనంలో దానికి సరైన గోడ కూడా లేదు. మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు, మేం మౌలాలి క్వార్టర్లలో ఉండేవాళ్లం. బతుకమ్మ రోజులు వచ్చాయంటే గునుగు తేవడం మా ఇంట్లో నా పని. మా వైపు పూలు తెచ్చేది మగవాళ్లు, పేర్చేది ఆడవాళ్లు. వానలు పోయాక ఆ వాలంతా గునుగు మోకాలెత్తున నిలబడేది. మొదట్లో తెలుపు, కొసన లేత గులాబీ. ఒక కట్ట కట్టి భుజాన వేసుకుని వస్తుంటే మా అక్క గుమ్మంలోనే ఎదురొచ్చి, "కట్టెలు తెచ్చినవా, పూలు తెచ్చినవా? కాడలు గింత పొడువు ఎందుకురా?" అని తిడుతూ తీసుకునేది. నాకంటే ఆమె కొన్నేళ్లు పెద్ద. పెళ్లి కూడా మౌలాలిలోనే అయింది, మా బావదీ రైల్వే ఉద్యోగమే. అందుకని పెళ్లయ్యాక కూడా ఆమెకు గునుగు నేనే తెచ్చి ఇచ్చేవాణ్ని.

తర్వాత నేను ఇంటర్ కాలేజీలో బాటనీ లెక్చరర్‌నయ్యాను. నేరేడ్‌మెట్‌లో ఇల్లు కట్టుకున్నాను. భుజాన పూలకట్ట వేసుకుని రోడ్డు మీద నడిస్తే నా స్టూడెంట్లు చూస్తారని నామోషీ పట్టుకుంది. ఒక ఏడాది పని ఉందన్నాను, ఇంకో ఏడాది ఒంట్లో బాగాలేదన్నాను. మూడో ఏడాది అక్క అడగనే లేదు. తన గల్లీలోని ఆడవాళ్లను వెంటేసుకుని తనే అడవికి వెళ్లడం మొదలుపెట్టింది. కొంగులు నడుముకు బిగించి, పాత చీరలు జోలెలుగా కట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

ఇక్కడ ఒక సంగతి రాసి తీరాలి. అక్క పూలన్నీ తెంపేది కాదు. ముదిరిన కంకులు కొన్ని వేరుగా తెచ్చి, గుడ్డలో మూటకట్టి వంటింటి అటక మీద పెట్టేది. మిరుగం కార్తె తొలి వానలు పడగానే ఆ మూట పట్టుకెళ్లి, పూలు తెంపిన వాలు మీదే విత్తనం దులిపి వచ్చేది. మా అమ్మ అట్లాగే చేసేది, అక్కా అట్లాగే చేసింది. నల్లగా ఆవాల కన్నా సన్నగా ఉండే విత్తనం. అంటే అడవిలో గునుగు విత్తిన మనిషినే, గునుగును నాశనం చేసిందని మేం నిందించాం. ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇక జింకల సంగతి. సరిగ్గా చెప్పాలంటే అవి చుక్కల దుప్పులు, మేమంతా జింకలనే అనేవాళ్లం. ఎప్పుడో ఎవరో అందం కోసం కొన్నింటిని తెచ్చి వదిలారు. తర్వాత చుట్టూ ఎత్తుగా గోడ లేచింది. వాకర్లకు పాసులు ఇచ్చారు, మాకొక సంఘం ఏర్పడింది. ఒక ఎండాకాలం జింకలు బక్కచిక్కి కనిపించాయి. నాకు జాలేసింది. ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్లి, క్యాబేజీ మీది ఆకులు, కాలీఫ్లవర్ మట్టలు గోనెసంచుల్లో నింపించుకుని ఆటోలో తెచ్చి పోశాను. జింకలు గుంపుగా వచ్చాయి. అందరూ ఫోటోలు తీశారు. అంతే, ఆ రోజుతో నేను 'జింకల సార్' అయిపోయాను.

మార్కెట్‌లో ఆకులు ఇచ్చే కూరగాయలామె నన్ను చూడగానే మొదలుపెట్టేది. "అచ్చిండు జింకల మామ. సారూ, అవి నా కన్న మంచిగ తింటున్నయ్ పో. గన్ని బస్తాలేంది, పెండ్లి గిట్ల జేస్తున్నవా వాటికి?"

నేను నవ్వేవాణ్ని. గర్వంగా ఉండేది నాకు. కాలేజీలో నా పాఠం వినేవాళ్లు లేరు. ఇంట్లో నా మాటకు అంత విలువ లేదు. అడవిలోకి అడుగుపెడితే మాత్రం జింకలు నా వెనక, జనం జింకల వెనక. పిల్లల పుట్టినరోజులకు జింకలకు మేత పెట్టించడం ఆచారమైపోయింది. ఒకరు క్యారెట్లు తెచ్చేవాళ్లు, ఒకరు బిస్కెట్లు, ఇంకొకరు ప్లాస్టిక్ కవర్లతో సహా రొట్టెలు. దీనికి మేం పెట్టుకున్న పేరు ప్రేమ. కాదు. మా సరదా అది. జింక కళ్లలో మా మంచితనం చూసుకుని మురిసిపోవడం.

ఆలోచించండి. ఆ గోడల మధ్య జింకను పట్టే జంతువు ఏదీ లేదు. పులి లేదు, చిరుత లేదు. కుక్కలు రెండు కూనలను లాక్కుపోతే మేమే గొడవ చేసి కుక్కలను పట్టించేశాం. ఇక మిగిలింది ఎండాకాలపు ఆకలి. ఎన్ని జింకలకు అడవిలో మేత ఉందో అది చెప్పేది. ఆ ఆకలిని కూడా మేం క్యాబేజీతో కప్పేశాం. గోడ దాటి పోవడానికి వాటికి దారి లేదు. ఏడాది పొడుగునా ఈనుతూనే ఉండే జాతి. క్యాబేజీ ఆదివారం ఒక్కపూటే. మిగతా వారమంతా అవి తినాల్సింది అడవినే. తిన్నాయి.

ముందు గడ్డి పోయింది. తర్వాత మొలకలు. వేప గింజ పడి రెండాకులు వేస్తే సాయంత్రానికి ఉండేది కాదు. చెట్ల కొమ్మలు ఒకే ఎత్తులో, ఎవరో కత్తెర పట్టుకుని కత్తిరించినట్టు, తెగి కనిపించేవి. జింక మెడ చాపితే ఎంత ఎత్తు అందుతుందో అక్కడి దాకా ఆకు లేదు. మగ జింకలు కొమ్ములు రాకి రేల మొక్కల బెరడు ఊడదీశాయి. అవి అట్లాగే నిలబడి ఎండిపోయాయి. కొన్నేళ్లకు అడవిలో ముసలి చెట్లు మాత్రమే మిగిలాయి. వాటి తర్వాత నిలబడడానికి ఒక్క పిల్ల చెట్టు లేదు. అయినా దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉండేది, ఎందుకంటే జింకలు ముట్టని సీతాఫలం, తంగేడు, వయ్యారిభామ ఏపుగా పెరిగాయి. "ఎంత గ్రీన్‌గా ఉంది సార్ మన ఫారెస్ట్!" అని మా వాళ్లు ఊపిరి పీల్చి వదిలేవాళ్లు.

నేల సంగతి ఎవరూ చూడలేదు. నేను చూశాను. రాలిన ఆకు నేల మీద నిలిచేది కాదు. కొంత తినేసేవి, మిగిలింది గిట్టల కింద నలిగి గాలికి పోయేది. ఆకు పరుపు లేకపోతే పురుగు లేదు, చెదలు లేదు, మట్టిలో గుల్ల లేదు. గిట్టలు తొక్కి తొక్కి నేల అలికిన వాకిలిలా గట్టిపడింది. వాన పడితే నీరు ఇంకకుండా ఎర్రగా వాలు మీద పరుగెత్తేది. చెట్ల వేళ్లు బయటపడ్డాయి. మేత పోసే చోట పేడ, ఉచ్చ, తొక్కుడు. అక్కడ వయ్యారిభామ తప్ప ఏదీ మొలిచేది కాదు.

ఆ వాలు మీదే గునుగు ఉండేది. ఏడాదికేడాది తగ్గింది. అక్క విత్తనం దులుపుతూనే ఉంది. అది మొలుస్తూనే ఉంది, వేలెడు ఎదిగేలోపు మాయమవుతూనే ఉంది. చివరికి ఆడవాళ్లు జోలెల నిండా తంగేడు మాత్రమే తెచ్చుకోవడం మొదలైంది. అక్క ఫోన్‌లో నవ్వుతూనే అంది, "ఈసారి మా బతుకమ్మకు కామెర్లొచ్చినట్టు పసిరికలైనయ్ తమ్మీ. మొత్తం పసుపే. గునుగు మోండాల కొనుక్కొచ్చిన, పొద్దుగూకేసరికి వాడిపోయింది."

నేను ఊఁ కొట్టాను.

పల్లంలో ఎండిపోయిన పాత బోరు ఒకటి ఉంది. పంపు ఎప్పుడో పీకేశారు. చుట్టూ ఇనుప జాలీ, ఒక చిన్న గేటు, తుప్పు పట్టిన తాళం మిగిలాయి. మనిషి ఎత్తు జాలీ. ఒక వానాకాలం ఉదయం దాని పక్క నుంచి వెళ్తూ ఆగిపోయాను. లోపల గునుగు నడుం ఎత్తున పూసి ఉంది. గడ్డి, పల్లేరు, వేప మొక్కలు, ఒక మోదుగ పిల్ల, కింద తడి ఆకుల మందం. బయట, జాలీని ఆనుకుని, కాలికి గడ్డిపరక కూడా తగలని ఉత్త ఎర్ర నేల. లోపలికీ బయటికీ తేడా ఒక్క ఇనుప తీగ. చేతిలో గొడుగు ఉంది. దాని మొనను జాలీ సందులోంచి లోపలి మట్టిలో గుచ్చాను. జానెడు లోతుకు మెత్తగా దిగింది. బయట గుచ్చాను. మొన వంగింది.

నా చదువంతా అక్కడ నా ముందు నిలబడింది. ఏ విద్యార్థికైనా చూపించి, కారణం చెప్పు అంటే చెప్పేస్తాడు. జింక వెళ్లలేని చోట అడవి ఉంది. జింక వెళ్లిన చోట లేదు. ఆడవాళ్లు పూలు తెంపడానికీ దీనికీ సంబంధం లేదు.

అప్పుడే మా వాకర్లలో ఒక రిటైర్డ్ టీచరమ్మ వెనక నుంచి వచ్చింది. కోస్తా వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం ఆమెది. చూసింది దాచుకోకుండా అడిగేసే మనిషి. "ఏమండీ మాస్టారూ, ఈ కంచె లోపల మాత్రం ఎందుకండీ ఇంత బాగా పెరిగింది?" అంది.

"పంపు లీకేజీ అనుకుంటా అమ్మా. తడి కదా," అన్నాను.

ఎండిపోయిన బోరుకు లీకేజీ! ఆమె నమ్మింది. బాటనీ చెప్పేవాడు చెప్తే ఎందుకు నమ్మదు? ఆ అబద్ధం ఎందుకు చెప్పానో నాకు బాగా తెలుసు. నిజం చెప్తే మేత ఆపాలి. మేత ఆపితే నేను జింకల సార్‌ను కాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండు. లేదు.

ఆ ఏడాదే బతుకమ్మకు ముందు గేటు దగ్గర వాచ్‌మన్ మా అక్కవాళ్లను ఆపాడు. పూలు తగ్గిపోతున్నాయని మా సంఘంలో గొణుగుడు మొదలైంది, నెపం ఎవరో ఒకరి మీద పడాలి. అక్క ఊరుకునే రకం కాదు. మా సంఘం మీటింగ్ జరిగే రోజు కనుక్కుని, వాచ్‌మన్ వద్దంటున్నా వినకుండా గల్లీ ఆడవాళ్లతో కలిసి నేరుగా అడవిలోని షెడ్డుకు వచ్చేసింది. మేమంతా కుర్చీల్లో. వాళ్లు నిలబడి.

మా ప్రెసిడెంట్ మర్యాదగానే మొదలుపెట్టాడు. "చూడమ్మా, మీతోని మాకేం దుష్మనీ లేదు. పండుగ మాకూ ఉంది. కానీ మీరు బస్తాలల్ల నింపుకొని పోతే ఇంక విత్తనం యాడికెళ్లి పడతది? అడవి మొత్తం ఖరాబ్ చేసిన్రు."

"మేం ఖరాబ్ జేసినమా?" అక్క గొంతు లేచింది. "మా అమ్మ కాలం సంది తెంపుతున్నం సార్. అప్పుడు లేని తక్లీఫ్ గిప్పుడెందుకొచ్చింది? యాడాదికోపారి విత్తనం సల్లేది సుత నేనే."

"అట్లనా? విత్తనం చల్లినట్టు ప్రూఫ్ ఏమన్నా ఉందా అమ్మా?" వెనక నుంచి ఎవరో అన్నారు. కుర్చీలు నవ్వాయి.

అక్క అందరినీ ఒకసారి చూసి, నా మీద చూపు నిలిపింది. "తమ్మీ, నువ్వు జెప్పు. చెట్ల సదువు సదివినోనివి నువ్వే గద. మేం తెంపితేనే పోయినయా?"

ప్రెసిడెంట్ కూడా నా వైపు తిరిగాడు. "ఔ సార్, మీరే చెప్పుండ్రి. మీ సబ్జెక్టే గద."

జాలీ అక్కడికి కూతవేటు దూరంలో ఉంది. లేచి, రండి చూపిస్తానంటే సరిపోయేది. నేను సమోసా ప్లేటులో పెట్టి, గొంతు సవరించుకుని, "దాని మీద స్టడీ జెయ్యాలె అక్కా. కారణాలు చానా ఉంటయ్. గిప్పుడే చెప్పలేం," అన్నాను.

అక్క ముఖం చూడలేదు నేను. ప్లేటు చూశాను.

తీర్మానం అయిపోయింది. పూల కోసం బయటివాళ్లకు ప్రవేశం లేదు. 'పూలు తెంపరాదు' అని బోర్డు రాయించారు. ఆడవాళ్లు వెనక్కి వెళ్తుంటే గేటు దాకా నడిచాను, ఏదో సర్దిచెబుదామని. అక్క ఆగలేదు. నడుస్తూనే అంది, "మోండా మార్కెట్ కెళ్లి జింకలకు బస్తాలు బస్తాలు మోస్కొస్తవ్. అక్క కోసం ఒక్క మాట మోయలేకపోయినవ్ గదరా."

ఆ ఏడు పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, అక్క ఇంటి నుంచి మా ఇంటికి రావాల్సిన సద్దుల డబ్బా రాలేదు. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది పెట్టి ప్రతి ఏడూ పంపేది. మా ఆవిడ సాయంత్రం దాకా గుమ్మం వైపు చూసి, "ఏం జేసొచ్చిన్రు మీరు?" అని అడిగింది. స్టడీ చేయాలి అన్నాను అని ఆమెకు ఎట్లా చెప్పను? మరుసటి ఏడాది రాఖీకి మాత్రం అక్క వచ్చింది. మా వైపు ఆడవాళ్లు ఎంత కోపమున్నా రాఖీ మానరు. కట్టింది, నెత్తిన అక్షింతలు వేసింది, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. తర్వాత ప్రతి రాఖీకీ అంతే. ఆమె అరిచి తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ని.

ఆడవాళ్లను ఆపాం కదా, మరి గునుగు రావాలి కదా? రాలేదు. తర్వాతి ఏడు రాలేదు, ఆ తర్వాతి ఏడూ రాలేదు. పైగా విత్తనం చల్లే మనిషి కూడా లేకుండా పోయింది. మా సంఘంలో ఒక్కరంటే ఒక్కరు, "మనం అనుకున్నది తప్పేమో" అనలేదు. వానలు సరిగ్గా లేవన్నారు. పొల్యూషన్ అన్నారు. ఎండాకాలంలో జింకలు పక్కటెముకలు లెక్కపెట్టేలా తిరుగుతుంటే ఇంకో బస్తా క్యాబేజీ తెచ్చారు. చచ్చిన ఒక ఆడ జింక కడుపు కోస్తే రొట్టెల కవర్లు ముద్దగా వచ్చాయి. దానికి సంతాపంగా మా సంఘం ఫోన్ గ్రూపులో పూలదండ బొమ్మలు పెట్టారు. సిగ్గు లేకపోవడం అంటే ఇదే. నేనూ ఒక దండ పెట్టాను. ఆ తర్వాతి ఆదివారం మార్కెట్‌కు వెళ్లడం మానేశాను. నోరు మాత్రం తెరవలేదు.

మొన్నటి వానాకాలం నోరు తెరిపించింది. ఒక సాయంత్రం కుండపోత పడింది. గట్టిపడ్డ వాలు మీద చుక్క నీరు ఇంకలేదు. మొత్తం పల్లానికి పారి, గోడ వెనక చెరువులా నిలిచింది. పాత గోడ ఆగలేక గల్లీలోకి పడిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు, అదృష్టం. ఆటోలు నలిగాయి, ఇళ్లలోకి ఎర్ర బురద మోకాలి దాకా వచ్చింది. ఆ బురద ఎవరిది? అడవి పైచర్మం అది. ఎన్నో ఏళ్లు ఆకులు కుళ్లి పేరుకున్న మట్టి, జనం తట్టలకెత్తి మోరీలో పోశారు. గోడ సందులోంచి కొన్ని జింకలు రోడ్డు మీదికి వచ్చాయి. వాటి సంగతి కుక్కలు చూసుకున్నాయి. ఆ అరుపులు నాకు ఇంకా వినిపిస్తాయి.

ఆ వారం మళ్లీ అదే షెడ్డులో మీటింగ్. గోడ కట్టిన కాంట్రాక్టర్‌ను తిట్టారు. వానను తిట్టారు. "వానదేవుని మీద కేసైతే ఎయ్యలేం గద సార్," అని ప్రెసిడెంట్ నవ్వాడు. సమోసాలు కూడా వచ్చాయి. అవి చూడగానే నాకు లోపల ఏదో తెగింది. లేచి నిలబడి, "తప్పు వానది కాదు. మనది. నాతో రండి," అన్నాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు.

జాలీ దగ్గరికి తీసుకెళ్లాను. గునుగు అప్పుడే పూత మీద ఉంది. గొడుగు తీసి లోపల గుచ్చాను, బయట గుచ్చాను. ప్రెసిడెంట్ చేతికిచ్చి, మీరూ గుచ్చండి అన్నాను. వంగిన మొన చూసుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను. గడ్డి ఎట్లా పోయిందో, మొలక ఎందుకు నిలవదో, నేల ఎందుకు నీరు తాగదో, ఆకుల పరుపు ఏమైందో. ఈ జాలీకి తాళం ఉంది కాబట్టి మనం గానీ మన జింకలు గానీ లోపలికి పోలేదు, అందుకే ఇది ఒక్కటే అడవి, మిగతాదంతా మనం పెంచుకున్న దొడ్డి అన్నాను.

టీచరమ్మ నెమ్మదిగా అడిగింది. "పంపు లీకేజీ అన్నారు కదండీ మాస్టారూ అప్పుడు?"

"అబద్ధం చెప్పానమ్మా. ఈ బోరు ఎండి ఏళ్లయింది. నాకు ఆ రోజే తెలుసు."

అందరూ ఒకేసారి మాట్లాడారు. "అయితే జింకలను కోస్కతినమంటవా ఏంది సార్?" అని ఒకాయన మీదికొచ్చాడు. "బస్తాలు షురూ జేసిందే నువ్వు. గిప్పుడు మాకు పాఠం జెప్తున్నవా?" అని ఇంకొకాయన.

రెండో ఆయన అన్నది నిజం. మొదటాయనతో అన్నాను: "కోయమని ఎవరూ అనలేదు. మేత ఆపండి. వీటిని పెద్ద అడవులకు తరలించమని అటవీశాఖను అడగండి. వాలు మీద అక్కడక్కడా ఇట్లాంటి జాలీలు కట్టండి. ఆ ఆడవాళ్ల మీద పెట్టిన బోర్డు పీకేయండి."

ఆ సాయంత్రం నన్ను గ్రూపులోంచి తీసేశారు. తరలింపు కోసం అర్జీ పోయిందని విన్నాను. 'జింకలకు ఆహారం పెట్టరాదు' అని కొత్త బోర్డు వచ్చింది. పొద్దున వెళ్తే దాని కిందే క్యాబేజీ ఆకులు పోసి ఉంటాయి. 'పూలు తెంపరాదు' బోర్డు కూడా అక్కడే ఉంది. ఆ రెండూ చూస్తే నాకు వాటిని పెరికి గుట్ట మీద నుంచి విసిరేయాలనిపిస్తుంది. జింకల మీద నాకు కోపం లేదు. ఆకలేస్తే తిన్నాయి. ఏం తెలిసి చేశాయి అవి? తెలిసి చేసినవాళ్లం మేము.

ఆ రోజు జాలీ దగ్గర గొడవ సద్దుమణిగాక టీచరమ్మ నాతో గేటు దాకా నడిచింది. "మాకు చెప్పారు, సరేనండీ," అంది. "ఆవిడకు చెప్పారా?"

"ఇంకా లేదమ్మా."

"మరి మాకెందుకండీ ముందు చెప్పారు?" అని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం మౌలాలి వెళ్లాను. పొద్దున జాలీ దగ్గర ఆగాను. తాళం కొడితే ఊడిపోతుంది, ఒక కట్ట గునుగు తెంపుకుని వెళ్లొచ్చు, చిన్నప్పటిలా భుజాన వేసుకుని. మనసు చాలా లాగింది. తెంపలేదు. ఆ అడవిలో మిగిలిన విత్తనం అదొక్కటే. అక్కడే రాలనీ.

అక్క ఇంటి ముందు అరుగు మీద గల్లీ ఆడవాళ్లంతా చేరారు. ఆ రోజు షెడ్డుకు వచ్చిన ముఖాలే చాలావరకు. మధ్యలో తాంబాలం, బంతి, చామంతి, రంగులద్దిన మార్కెట్ గునుగు. అక్క వరస పేరుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏంది, తొవ్వ తప్పినవా?"

"లేదక్కా. నీ దగ్గరికే వచ్చిన."

"బతుకమ్మ పండుగకు అక్క ఇంటికి ఒట్టి చేతులతోనా?" ఆమె పక్కనున్నావిడ నవ్వింది. "క్యాబేజన్నా తేకపోయినవా తమ్మీ, పైన పెడుతుంటిమి." అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"ఒక మాట తెచ్చిన," అన్నాను. "ఆ దినం మోయలేకపోయిన అన్నవ్ గదా, ఆ మాట."

అక్క చెయ్యి ఆగింది. లోపలికి రమ్మంటుందేమో అనుకున్నాను. ఆమె అనలేదు, నేనూ అడగలేదు. అందరి ముందు ఊరుకున్నవాణ్ని, అందరి ముందే చెప్పాలి. చెప్పులు విప్పి, అరుగు కింద నిలబడి, ఆ ఆడవాళ్లందరికీ వినపడేలా అన్నాను:

"అక్కా, గునుగు మీరు తెంపినందుకు పోలే. జింకలు తిన్నయ్. నేను మేపిన జింకలు. ఆ సంగతి నాకు మీటింగ్ కన్నా ముందే తెలుసు. నువ్వడిగినప్పుడు స్టడీ జెయ్యాలె అన్న చూడు, అది అబద్ధం. నా షోకు పోతదని చెప్పిన అబద్ధం. నీ మీద, వీళ్లందరి మీద నింద పడుతుంటే కూసొని చూసిన. నువ్వు విత్తనం సల్లినవ్, నేను పాడు జేసిన. నాది తప్పక్కా. మీ అందరి దగ్గర తప్పు జేసిన. నన్ను మాఫ్ చెయ్యమని అడుగుతున్న."